కెప్టెన్ నిచ్చెన దిగే తీరు

"ఎక్కింది నేనే, దిగింది నేనే. నూకింది మాత్రం నేను కాదు తమ్మీ," అన్నాడు భూమేష్, రెండు అరచేతులూ చాపి.

ఆ అరచేతుల నిండా బూడిద రంగు పెయింటు మరకలు. ఆదివారం అంటుకున్న పెయింటు మంగళవారానికి కూడా వదల్లేదు. మెండోర దగ్గర పసుపు పండించుకునే అరవై ఐదేళ్ల మనిషిని హంతకుడిగా నిలబెట్టింది ఆ మరకలే.

మల్లికార్జున్ చూపు తిప్పుకున్నాడు. చిన్నప్పుడు ఈ మనిషంటే అతనికి ఎంత భయమో! ఆదివారం సాయంత్రం బోధన్ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో టీవీ ఉన్న ఒకే ఒక్క ఇంటి ముందు పిల్లలంతా చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లు. 'నీలి కవాతు' సీరియల్లో భూమేష్ కనిపించగానే సగం మంది కళ్లు మూసుకునేవాళ్లు. ఓడలోనే ఉంటూ ఓడను శత్రువుకు అమ్మేసే ఇంజనీరు వేషం అతనిది. ఆ వేషం ఎంత బాగా కట్టాడంటే, ఆ ఏడాదంతా బోధన్ బజార్లో ఒక్క దుకాణంవాడు కూడా అతనికి సరిగా సామాను కట్టివ్వలేదట. ఇప్పుడు ఆ మనిషే గడ్డం మాసిపోయి, చెప్పులు లేని కాళ్లతో, ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య నిలబడ్డాడు.

వాళ్లు నిలబడ్డ చోటు ఎడపల్లి దారిలో ఎప్పుడో మూతపడ్డ ఖండసారి చక్కెర మిల్లు. అందులోని గోదాములో ఓడ ఉంది. ఉంది అంటే, ఓడలో కెమెరాకు కావాల్సినంత ముక్క ఉంది. నేవీ సీరియల్ తీద్దామని బయల్దేరిన నిజామాబాద్ నాటకాల బృందానికి సముద్రం ఎక్కడ దొరుకుతుంది? మిల్లు ఫిట్టర్ల చేత డెక్కు కట్టించారు. డెక్కు మీద కెప్టెన్ నిలబడే ఎత్తైన చోటు, అంటే బ్రిడ్జి కట్టించారు. దానికి నిటారుగా ఒక ఇనుప నిచ్చెన పెట్టించారు. నీళ్లు కావాల్సి వచ్చినప్పుడు మెండోర దిక్కున గోదావరి బ్యాక్‌వాటర్‌కు పోయేవాళ్లు. అవతలి ఒడ్డు కనబడకుండా తడి చెరకు పిప్పి కాల్చి పొగ పెట్టేవాళ్లు. అది చెరకు పొగ అని బోధన్ పిల్లలకు వాసన చూడకుండానే తెలుసు. అయినా టీవీలో చూస్తే సముద్రం మీది మంచే అనుకునేవాళ్లు. మల్లికార్జున్ అయితే పెద్దయ్యాక నేవీలోకే పోతానని ఇంట్లో భీష్మించాడు కూడా. కళ్లజోడు వచ్చి ఆ ముచ్చట తీరకుండా చేసింది. చివరికి నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక క్లినిక్ మీద గది అద్దెకు తీసుకుని, పెళ్లి సంబంధాల కూపీలు లాగే డిటెక్టివ్ అయ్యాడు.

ఆదివారం ఈ గోదాములోనే సీరియల్ ముప్పై ఏళ్ల సంబరం జరిగింది. ఓడకు కొత్త రంగు వేశారు. కెప్టెన్ వేషం కట్టిన ఎర్రన్న సార్ మళ్లీ ఆ తెల్ల డ్రెస్సు తొడుక్కున్నాడు. మధ్యాహ్నం ఒకటిన్నరకు అందరూ బయట పందిట్లో బంతి భోజనాల్లో ఉన్నారు. తెర మీద పాత భాగాలు పెద్ద సౌండుతో నడుస్తున్నాయి. అప్పుడు ఎర్రన్న సార్ బ్రిడ్జి మీది నుంచి కింద పడి చనిపోయాడు. శవం దగ్గర మొదట కనిపించినవాడు భూమేష్. అంతకు ముందు పొద్దున్నే ఇద్దరికీ పెద్ద లొల్లి అయింది. పందిట్లో సగం మంది విన్నారు.

"లొల్లి దేనికైంది కాకా?" అని అడిగాడు మల్లికార్జున్.

"గది వద్దు."

"అదే కావాలె."

"సచ్చినోని మాట ఎందుకు తమ్మీ. ఏదో అన్నడు. నేను నోరు జారిన. గంతే."

"గంతే అంటే కోర్టు ఒప్పుకోదు."

"ఒప్పుకోకుంటే మానె. జైల్ల ఏస్తె ఏసిరి. నా నోటెంట మాత్రం రాదు."

వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. సి.ఐ. సింధూజ. ముప్పై దాటని మనిషి. మాట ఎంత పదునో పని కూడా అంత పదును అని జిల్లాలో పేరు. పంచనామా కోసం భూమేష్‌ని జీపులో తెచ్చింది ఆమే. మల్లికార్జున్‌ని ఎవరూ పిలవలేదు. ఎర్రన్న సార్ భార్య వసంతమ్మ, "భూమేషన్న గిట్ల చేసేటోడు కాదు, నువ్వు పోయి సూడు బిడ్డా" అంటే వచ్చాడు. సార్ ఇల్లు అతని ఆఫీసుకు ఎదురుగానే. బళ్లో అతనికి బొమ్మలు గీయడం నేర్పింది కూడా సారే.

"అయిపోయిందా సార్ మీ ఇంటర్వ్యూ?" అంది సింధూజ. "ఆటోగ్రాఫ్ కూడా తీసుకోండ్రి. మళ్లీ దొరుకుతడో లేదో."

"మీరు ఆ సీరియల్ చూసిండ్రా మేడం?"

"నేను పుట్టనేలేదు అప్పటికి. సూడకపోవుడే మంచిదైంది. ఊరంతా ఏడుస్తున్నరు, కెప్టెన్ పోయిండు, కెప్టెన్ పోయిండు అని. నాకు పోయింది ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టర్. పొద్దున కొట్లాట. కారణం అడిగితే చెప్పడు. నిచ్చెన పెయింటు పచ్చిది. తాడు కట్టి ఎవరినీ ఎక్కనియ్యలే. అక్కడున్న అందరి చేతులు చూసిన. పెయింటు ఉన్నది ఈయన చేతులకే. ఇంకేం కావాలె?"

"నిచ్చెన చూడనిస్తే చాలు."

"చూడుండ్రి. ముట్టొద్దు."

మల్లికార్జున్ నిచ్చెన ముందు గొంతుక్కూర్చున్నాడు. అడుగు పెట్టే పట్టీలు అరచేయి వెడల్పున్నాయి. శనివారం సాయంత్రం వేసిన పెయింటు, వాన ముసురుకు ఆరలేదు. అందుకే ఎక్కిన ప్రతి కాలూ తన గుర్తు వదిలింది. మూడు రకాలు కనిపించాయి. నున్నటి తోలు బూట్లవి ఎర్రన్న సార్‌వి. అవి పైకి పోయాయి తప్ప కిందికి రాలేదు. రెండోవి ఉత్త కాళ్లు. భోజనం దగ్గర చెప్పులు విప్పిన భూమేష్‌వి. పైకి పోయాయి, కిందికి వచ్చాయి. మూడోవి గీతల గీతల సోలు ఉన్న బూట్లు.

"ఇవి ఎవరివి?"

"డెకరేషన్ పిల్లలవి. పొద్దున జెండాలు కట్టిండ్రు పైన," అంది సింధూజ.

మల్లికార్జున్ ఇంకాస్త ముందుకు వంగాడు. ఆ గీతల గుర్తుల్లో ఏదో తేడాగా ఉంది. భూమేష్ కాలి వేళ్లు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నిచ్చెన వైపే ఉన్నాయి. గీతల బూట్లు మాత్రం ఎక్కేటప్పుడు మునివేళ్ల మీద ఎక్కాయి, దిగేటప్పుడు మడమలు ఆనించి దిగాయి. ఒకచోట మడమ జారి పెయింటు అంచు దాకా గీసుకుపోయింది. మామూలు మనిషి ఇంట్లో మెట్లు దిగినట్టు, నిచ్చెనకు వీపు పెట్టి దిగాడన్నమాట.

"కాకా, నువ్వు పైకి ఎందుకు ఎక్కినవ్?"

"దబ్బున సప్పుడైంది. ఉరికొచ్చిన. ఎర్రన్న బోర్ల పడి ఉన్నడు. పైన ఎవడన్న ఉన్నడేమో అని ఎక్కిన. ఎవ్వడు లేడు. దిగొచ్చి అందరిని పిలిచిన."

"ఎట్ల దిగినవ్?"

"ఎట్ల దిగుడేంది? దిగినట్టే."

"ఒక్కసారి ఎక్కి దిగి చూపించు. మేడం, పంచనామాలో ఇది కూడా ఉంటది కదా?"

సింధూజ విసుగ్గా తల ఊపింది. నిచ్చెన మీద ప్లాస్టిక్ కవర్లు పరిచారు. భూమేష్ ఎక్కాడు. పైన ఒక్క క్షణం ఆగి చుట్టూ చూశాడు. ఎన్నేళ్ల కిందటి మొహాలు కనబడ్డాయో ఏమో, గొంతు సవరించుకున్నాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే వెనక్కి తిరిగి, మొహం నిచ్చెన వైపు పెట్టి, రెండు చేతులతో రెండు పక్కల పైపులు పట్టుకుని, చకచకా దిగాడు. ఆ వయసులో అంత సులువుగా దిగడం చూసి కానిస్టేబుల్ ఒకడు నవ్వాడు.

ఆ దిగడం మల్లికార్జున్‌కు బాగా తెలుసు. ఎర్రన్న సార్ మేడ మీది వాటాలో ఉంటాడు. బయట ఇనుప మెట్లు. రోజూ పొద్దున పాల కోసం ఆ మెట్లు వెనక్కి తిరిగి దిగేవాడు. గల్లీ పిల్లలు "సార్ రివర్స్ గేర్!" అని అరిచేవాళ్లు. సార్ నవ్వి ఊరుకునేవాడు. మోకాళ్ల నొప్పులని మల్లికార్జున్ ఇన్నేళ్లూ జాలిపడ్డాడు. ఆ మాటే పైకి అన్నాడు.

"మోకాళ్లా?" భూమేష్ మొదటిసారి నవ్వాడు. "ఎర్రన్నకు ఏం మోకాళ్ల నొప్పి లేదు తమ్మీ. గది రాజారాం సార్ పెట్టిన అలవాటు. నేవీల నౌకరి చేసి రిటైరై వచ్చినాయిన. షూటింగు మొదలుకాక ముందు మమ్ముల నెల దినాలు రాచిరంపాన పెట్టిండు. ఓడల నిచ్చెన గిట్లనే దిగాలె, మొఖం మెట్ల దిక్కు, ఈపు సముద్రం దిక్కు అని. ఓడ ఊగుతది గద, లేకుంటె పడతరట. ఎవడన్న తప్పు దిగితే మళ్ల ఎక్కు, మళ్ల దిగు. ఆనాడు వానికి తాగే సాయ బంద్. ఇగ సాయ లేకుంటె ఎర్రన్నకు పానం పోయేది. ఇప్పటికి ఇనుప మెట్లు కనపడితే మా కాళ్లు వాటంతట అవే తిరుగుతయి."

"సీరియల్లో మీరు దిగంగ నేనెప్పుడు చూడలే కాకా. అన్నీ ఎక్కుడే."

"దిగితే ఈపులు కనపడతయి. మా డైరెక్టరు, ఈపులు ఎవడు సూస్తడు అనేటోడు. ఒక్కసారి గూడ తీయలే."

మల్లికార్జున్ లేచి నిలబడ్డాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అది ఏదైనా తట్టినప్పుడు అతను చేసే పని.

"మేడం, సార్ బోర్లా పడ్డాడు, తల నిచ్చెనకు అవతలి దిక్కు ఉంది. అవునా? దిగుతూ జారి ఉంటే వెల్లకిలా పడాలె. పైన అంచున నిలబడి ఉండగా వెనక నుంచి నూకింది ఎవరో."

"నేను గదే చెప్తున్న. నూకింది ఈయన."

"ఈయన వేళ్ల మీద దిగిండు. మడమల మీద దిగినోడు ఇంకొకడు ఉన్నడు."

"డెకరేషన్..."

"డెకరేషన్ పిల్లలు ఏం చెప్పిండ్రు మీకు? గుర్తు చేసుకోండ్రి. జెండాలు ఎట్ల కట్టిండ్రు?"

సింధూజ వెనక్కి తిరిగి చూసింది. పక్కనున్న కానిస్టేబుల్ నెమ్మదిగా అన్నాడు. "బయట వెదురు నిచ్చెన ఏసుకొని కట్టిండ్రు మేడం. ఆ పెద్దసారు బ్రిడ్జి మీదికి ఎవ్వరిని రానియ్యలేదట. ఛానలోళ్లు కెమెరా పట్టుకొని అడిగితే గూడ కాదన్నడట."

"సిబ్బంది తప్ప బ్రిడ్జి మీదికి ఎవరూ రావద్దు," అన్నాడు మల్లికార్జున్. ఆ మాట సీరియల్లో కెప్టెన్ ప్రతి వారం అనేదే. "సార్‌కి అది పట్టింపు. ఆ సిబ్బందిలో ఆదివారం నాటికి బతికి ఉన్నది ముగ్గురే. సార్, భూమేష్ కాకా, లింబాద్రి."

లింబాద్రి పేరు వినగానే భూమేష్ తల వంచుకున్నాడు.

ఆ పేరు చెబితే ఈ ప్రాంతంలో ఒక తరం వాళ్లు ఇప్పటికీ చేతిలో పని ఆపేస్తారు. ఓడలో సంకేతాలు పంపే కుర్రవాడి వేషం అతనిది. మెడలో వేలెడంత ఇత్తడి విజిల్. ఆ విజిల్‌తో రకరకాల పిలుపులు ఊదేవాడు. చివరి భాగం తీస్తుండగా మెండోర దగ్గర నీళ్లలోకి దూకి మళ్లీ పైకి రాలేదు. శవం దొరకలేదు. పదమూడో భాగం రాలేదు. మూడు నెలల కింద అదే లింబాద్రి, నవీపేట్‌లో చెల్లెలు గోదావరి ఇంటి ముందు బస్సు దిగాడు. నీళ్లలో దెబ్బ తగిలి మతి పోయిందని, ఎవరో బయటికి తీసి కాపాడారని, భివండిలో మగ్గాల మీద బతికానని చెప్పాడు. మెడలో ఆ విజిలే ఉంది. ఊరు ఊరంతా పండగ చేసుకుంది. మల్లికార్జున్ స్వీట్ డబ్బా పట్టుకుని వెళ్లి, చిన్నపిల్లాడిలా ఆ విజిల్ పట్టుకుని చూసి వచ్చాడు.

"అంటే లింబాద్రి నూకిండంటరా?" సింధూజ అడిగింది. ఇప్పుడు ఆమె గొంతులో వెటకారం లేదు.

"లింబాద్రి అయితే మడమల మీద దిగడు."

"ముప్పై ఏండ్లాయె. మరిచిపోయి ఉంటడు."

"సార్ మరిచిపోలేదు. కాకా మరిచిపోలేదు. మీ కళ్ల ముందే దిగిండు. పన్నెండు భాగాల్లో ప్రతి మాటా, ప్రతి పాటా ఆ వచ్చినాయనకు కంఠతా వచ్చు. నేనే విన్న. కానీ తెర మీద కనపడనిది ఒక్కటే ఉంది. అదే ఆయనకు రాదు."

మల్లికార్జున్ ఫోను తీసి ఆదివారం పొద్దున దిగిన గ్రూప్ ఫోటో చూపించాడు. సిబ్బంది డ్రెస్సులో ముగ్గురు. లింబాద్రి చేతులకు తెల్ల గ్లౌజులు, కాళ్లకు స్పోర్ట్స్ బూట్లు.

"చేతులు చూసినప్పుడు గ్లౌజులు ఉన్నయా మేడం?"

"లేవు," అంది సింధూజ. పెదవి కొరుక్కుంది.

"కాకా," మల్లికార్జున్ భూమేష్ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "సార్‌కి అనుమానం వచ్చింది. నీతో చెప్పిండు. లొల్లి గందుకే. అవునా?"

భూమేష్ కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. "వీడు మన పిల్లగాడు కాదురా భూమేషా అన్నడు. నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏండ్లకు అన్న ఇంటికొచ్చిండని ఆ పోరి గోదావరి మొఖంల నవ్వు సూసిన. పొద్దు పొద్దున్నే గసొంటి మాట అంటవా, నోట్లె మన్ను పడ అని తిట్టిన. గదే ఆఖరి మాట తమ్మీ ఎర్రన్నతోని. గా మాట బయట చెప్తే పోరి పరేషాన్ అయితదని చెప్పలే."

ఈ మనిషిని చూసి కళ్లు మూసుకున్నామే అనుకున్నాడు మల్లికార్జున్. సిగ్గేసింది.

సింధూజ ఫోను తీసింది. ఇద్దరు ముగ్గురితో గబగబా మాట్లాడింది. తర్వాత మల్లికార్జున్ వైపు తిరిగింది. "నిచ్చెన సంగతి మీరే గెలిచిండ్రు సార్. ఒప్పుకుంట. ఇగ మీదిది నా పని. ఊరి చుట్టు మా వాళ్లు సర్దుకునే దాక ఎవ్వరు నవీపేట్ దిక్కు పోవద్దు. ముఖ్యంగా మీరు. మీరు పోతే ఏడుస్తరు, వాడు దుకాణం సర్దుకుంటడు."

"పోను," అన్నాడు మల్లికార్జున్.

పోయాడు. స్కూటర్ మీద, చెరకు బండ్లు లేని ఆ ఖాళీ రోడ్డు మీద పోతూ తనకు తాను సమాధానం చెప్పుకున్నాడు. గోదావరికి ఆ మాట పోలీసు జీపు చెప్పకూడదు. షూటింగు రోజుల్లో పన్నెండేళ్ల పిల్ల, అన్న డ్రెస్సుకు గుండీలు కుడుతూ గోదాము గుమ్మంలో కూర్చునేది. తనూ గోదాము కిటికీకి వేలాడేవాడు. ఒకసారి లోపలి నుంచి తనకు బెల్లం ముక్క తెచ్చి పెట్టింది. ఆ పిల్లకు అన్న రెండోసారి పోయాడని చెప్పాల్సింది ఎవరు? తెలిసినవాళ్లే చెప్పాలి.

గోదావరి ఇల్లు నవీపేట్ పొలిమేరలో ఉంది. వాకిట్లో కుట్టు మిషను. పక్కన డాబా మీదికి ఇనుప నిచ్చెన. పొద్దు ఇంకా వాలలేదు. స్కూటర్ ప్రహరీ బయట ఆపి లోపలికి అడుగు పెట్టబోయి మల్లికార్జున్ ఆగిపోయాడు.

ఆ మనిషి డాబా మీది నుంచి దిగుతున్నాడు. మొహం నిచ్చెన వైపు, వీపు వాకిలి వైపు.

అంతా తప్పేనా? ఈయన లింబాద్రేనా? ఇంతసేపూ ఇంతమంది ముందు చెప్పిందంతా కూలిపోయినట్టేనా? ఒక్క క్షణం ప్రాణం హాయిగా కూడా అనిపించింది. గోదావరి అన్న గోదావరికే ఉంటాడు.

కానీ ఆ మనిషి ప్రతి పట్టీ దగ్గరా ఆగుతున్నాడు. కాలు దింపే ముందు మెడ తిప్పి కిందికి చూస్తున్నాడు. నిచ్చెన కింద గోదావరి నిలబడి ఉంది. "ఊఁ. ఇప్పుడు కుడి కాలు. చేతులు పైపుల మీద. పట్టీల మీద కాదు," అంటోంది.

నేర్పుతోంది.

గోదావరి తల తిప్పి మల్లికార్జున్‌ని చూసింది. ఉలిక్కిపడలేదు. "అన్నా, నువ్వు లోపలికి పో. సాయ పెడుత," అంది ఆ మనిషితో. అతను మల్లికార్జున్ వైపు ఒక చూపు చూసి ఇంట్లోకి వెళ్లిపోయాడు. వాకిట్లో ఎండకు పెట్టిన స్పోర్ట్స్ బూట్ల జత ఉంది. దగ్గరికి పోతే కిరసనాయిలు కంపు. మడమలు తోమి తోమి తెల్లబడ్డాయి.

"గ్లౌజులు కాల్చేసినవా?" అని అడిగాడు మల్లికార్జున్.

"పొయ్యిల పెట్టిన. దిగుడు రాకుంటె ఎవడన్న పసిగడతడని గది గూడ నేర్పుతున్న."

"గోదావరీ..." దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ పోయాయి. "వాడు మీ అన్న కాదు."

"తెల్సు."

"ఎప్పటి నుంచి?"

"బస్సు దిగిన దినమే తెల్సు." గోదావరి మిషను ముందు కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. "మా అన్న నన్ను ఒక్కనాడు గూడ పేరు పెట్టి పిలవలే. విజిల్ ఊదేటోడు. రెండు పొట్టియి, ఒక పొడుగుది. అది నా పిలుపు. ఈయన దిగంగనే గోదావరీ అని ఏడ్సుకుంట అలుముకున్నడు. మెడల విజిల్ ఉన్నది, పిలుపు తెల్వదు."

"మరి ఇంట్లో ఎందుకు పెట్టుకున్నవ్?"

"నీళ్లల్ల దునికినప్పుడు మా అన్న మెడల ఉండె గా విజిల్. నేను సూసిన. నేను ఒడ్డు మీదనే ఉన్న. నీళ్లల్ల మునిగిన విజిల్ ఈయన చేతికి ఎట్లొచ్చింది అన్నా? మా అన్న బయటికొస్తేనే గద ఇచ్చింది! అడిగితే చెప్పడు. భయపెడితే పారిపోతడు. గందుకని అన్నం పెట్టిన. అన్నా అని పిలిచిన. రోజుకొక ముక్క చెప్పుకుంట వచ్చిండు. భివండిల ఒక్క గదిల ఉండిరట ఇద్దరు. మా అన్న అద్దమ్మ రాత్రి దాక సీరియల్ కథలే చెప్పేటోడట."

"సార్‌ని నూకింది వీడే."

"తెల్సు. బ్రిడ్జి మీద సారు ఈయన అంగి గల్ల పట్టి, మనిషి నీళ్లల్ల పడితే ఊదే పిలుపు ఊదుమన్నడట. రాలేదు. కిందున్నోళ్లను పిలుస్త అని సారు అంచు దాక పోయిండట. ఈయన భయపడి నూకిండట. ఆనాడు ఇంటికొచ్చి నా కాళ్లు పట్టుకొని ఏడ్సిండు." గోదావరి మిషను మీది గుడ్డ మడత పెట్టింది. "సారు నాకు గూడ బొమ్మలు నేర్పిండు అన్నా. నాకు లేదా దుఃఖం? భూమేషన్న జైల్ల కూసుంటె నాకు బువ్వ దిగుతుందా? ఒక్క దినం ఆగుదామని జూసిన. నిన్న చెప్పిండు. మా అన్న ఉన్నడట. బతికే ఉన్నడట. రేపు తీస్కపోత అని ఇయ్యాల అన్నడు. ఎక్కడ ఉన్నడో గది ఒక్కటి ఇంక చెప్పలే. ఒక్క దినం అన్నా. ఈ ఒక్క దినం పోలీసులను ఆపు. నీకు దండం పెడుత."

అక్కడ చేయని తప్పుకు భూమేష్ కూర్చున్నాడు. ఇక్కడ ముప్పై ఏళ్ల నుంచి విజిల్ కోసం చెవులు నిక్కించుకుని కూర్చున్న మనిషి చేతులు జోడిస్తోంది. ఏది ఆపాలి? ఎవరి కోసం ఆపాలి?

జేబులో ఫోను మోగింది. సింధూజ. "మీ స్కూటర్ ఎడపల్లి దాటుడు మా వాళ్లు చూసిండ్రు సార్. నాకు తెల్సు మీరు ఆగరని. వచ్చేసినం. రెండు నిమిషాలు. వాడు మీ కండ్ల ముందే ఉన్నడా?"

మల్లికార్జున్ గుమ్మం వైపు చూశాడు. లోపల ఏ అలికిడీ లేదు. నాలుగు అంగల్లో ఇంట్లోకి వెళ్లాడు. పెరటి తలుపు తీసి ఉంది. తలుపు అవతల చెరకు తోట. ఆకులు ఇంకా కదులుతున్నాయి.

పొయ్యి గట్టు మీద ఇత్తడి విజిల్ పెట్టి ఉంది.

సింధూజ చెప్పింది చెప్పినట్టే జరిగింది. తను రాకపోతే వాడు రేపటి దాకా ఇక్కడే ఉండేవాడు. చుట్టూ పోలీసులు సర్దుకునేవాళ్లు. ఇప్పుడు వాడితోపాటు లింబాద్రి ఉన్న చోటు కూడా ఆ చెరకులోకి వెళ్లిపోయింది. బెల్లం ముక్క పెట్టిన పిల్లకు తను చేసిన మేలు ఇదీ.

గోదావరి వెనకే వచ్చింది. తెరిచిన తలుపును చూసింది, విజిల్‌ను చూసింది. విజిల్ తీసుకుని పెరట్లోకి నడిచి, చెరకు తోట అంచున నిలబడి నోట్లో పెట్టుకుంది.

ఒకే దమ్ములో పొడుగ్గా ఊది, చివర పైకి లేపింది. మళ్లీ ఊదింది. పన్నెండో భాగం ఆఖర్న లింబాద్రి ఊదిన పిలుపు అది. మనిషి నీళ్లలో పడ్డాడు, అందరూ రండి అని. ఆ రాత్రి క్వార్టర్స్‌లో పిల్లలెవరూ అన్నం తినలేదు.

ముందు వాకిట్లో జీపు ఆగింది. సింధూజ పరిగెత్తుకుంటూ వచ్చి పెరటి తలుపు దగ్గర మల్లికార్జున్ పక్కన నిలబడింది. తిట్టడానికి నోరు తెరిచింది గానీ గోదావరిని చూసి ఆగిపోయింది.

"ఎటు పోయిండు?" అంది చివరికి.

మల్లికార్జున్ చెరకు వైపు చెయ్యి చూపించాడు. "ప్రాణాలతోనే పట్టాలె మేడం. లింబాద్రి బతికే ఉన్నడు. ఎక్కడున్నడో వాడొక్కనికే తెల్సు."